వేలికి సున్నం

పాటిదిబ్బ వెనకాల పూడిపోయిన నుయ్యి ఒకటి ఉంది చూశారూ, పక్కన ఒరిగిపోయిన చింతచెట్టు, ఆ నూతివైపు ఎవరూ పోరు. పశువుల్ని తోలరు. కాయ పండి రాలి నేలమీదే ఎండిపోతున్నా ఏ ఇల్లాలూ బుట్ట పట్టుకుని అటు పోదు. మొన్నామధ్య కరెంటు తీగలు లాగడానికి వచ్చినవాళ్ళు కూడా అక్కడ స్తంభం పాతబోయి, ఎవరేం చెప్పారో ఏమో, చుట్టూ తిప్పుకుని పోయారు, మన వీధి తీగ అంత వంకరగా ఉండడం అందుకే. ఎందుకు పోరయ్యా అంటే మాత్రం ఎవరికి వాళ్ళు ఒక్కో కథ చెబుతారు, కొరివిదెయ్యమని ఒకరు, కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయని ఒకరు. కాళ్ళు సరిగ్గానే ఉంటాయి. అక్కడ మొదట ఉన్నది ఒక మనిషి, ఆ మనిషి దగ్గర ఉన్నది ఒక్క మాట. ఆ మాటేమిటో చెబుతాను, తొందరెందుకు, ముందు ఆ చేటలు దగ్గరికి లాక్కోండి, వేరుశనక్కాయలు ఒలుస్తూ వినండి. ఒలిచిన గింజలు చేటలో వెయ్యండమ్మా, నోట్లో కాదు, విత్తనానికి తీసినవి అవి.

అప్పటికి మన ఊళ్ళోకి కరెంటు రాలేదు. పాటిదిబ్బ కింద, ఇప్పుడు జామతోట ఉన్న చోట, అచ్చియ్యమ్మగారిల్లు ఉండేది. అచ్చియ్యమ్మ మనిషి పొట్టి, నోరు పొడుగు. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు గవర్రాజు, ఆ గవర్రాజుకి కాలవ కింద ఊళ్ళనించి కనకరత్నం అనే పిల్లని తెచ్చి చేశారు. కనకరత్నం కాపరానికి వచ్చింది, ఆడపిల్లని కన్నది, ఆ పిల్లని అందరూ పండు అని పిలిచేవాళ్ళు, అసలు పేరు ఏదో ఉండేది గాని ఆ పేరుతో పిలిస్తే ఆ పిల్లే పలికేది కాదు. పండు గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్న ఏడు, తొలకరి ముందుగా పడింది, పడిన మర్నాటినించీ ఆ ఇంటి దొడ్లో పాములు కనబడ్డం మొదలుపెట్టాయి.

పాములంటే పడగెత్తి బుసకొట్టేవి అనుకునేరు. అవి కావు. చిటికెన వేలంత లావు, జానెడు పొడుగు, గుడ్డులోంచి బయటపడి ఎన్నాళ్ళూ కానివి. కుడితితొట్టి కింద నీరుకట్టె పిల్ల ఒకటి. నీళ్ళు పోయే జాలారు దగ్గర గుడ్డిపాము, అచ్చం గాలానికి గుచ్చే ఎర్రలాగే ఉంటుంది గాని ఎర్ర కాదు. వాటితో ఏం బాధ లేదు, చీపురుతో తోస్తే పోతాయి. బాధంతా నల్లగా నిగనిగలాడుతూ ఒంటిమీద సన్నటి తెల్లగీతలున్న వాటితోనే. కట్లపాము పిల్లలు. కనకరత్నం ఒకసారి పండు మొలతాడు ఊడిపడిందేమో అనుకుని వంగి తియ్యబోయింది కూడా, ఆ మొలతాడు కదిలితే అప్పుడు తెలిసింది. పామంటే తనకేం పెద్ద భయం లేదు, కాలవ కింద పుట్టిన పిల్ల, నీళ్ళలో పాముల మధ్యే ఈత నేర్చుకుంది. భయమంతా పండు చేతుల గురించి. ఆ వయసు పిల్లలు ఎలా ఉంటారు? చేతికి దొరికింది నోటికే కదా. చీమ దొరికితే చీమ, బొగ్గు దొరికితే బొగ్గు. ఇంక మెత్తగా, నల్లగా, మెరుస్తూ కదిలేది దొరికితే వదులుతుందా?

సరే, పాములున్నాయని అత్తగారికి చెబుదామంటే ఆ ఇంట్లో ఆ మాట అనడానికే లేదు. సందెదీపం పెట్టాక పాము అనకూడదు. పేరు పెట్టి పిలిస్తే తననే రమ్మన్నారనుకుని వస్తుందని. పురుగు అనాలి. ఉప్పు అనకూడదు, రుచి అనాలి. సూది అసలు అడక్కూడదు. ఇక మొగుడి పేరు పగలూ రాత్రీ కూడా అనకూడదు. కనకరత్నం పుట్టింటికెళ్ళినప్పుడు వాళ్ళ వదినతో అందట, మా ఇంట్లో సందె పడితే మూగవాళ్ళే హాయిగా ఉంటారు వదినా అని. అయినా ఎప్పుడూ మాట దాటలేదు, నెమ్మదైన పిల్ల.

అలా ఉండగా ఒకరోజు సందెవేళ, పొయ్యి రాజెయ్యడానికి పిడకల గూట్లో చెయ్యి పెట్టబోతూ ఉంటే, భుజం పక్కనించి ఎవరో అన్నారు, పాము అని. కేక వెయ్యలేదు, కంగారుపడలేదు. నిద్ర ముంచుకొస్తున్న మనిషి ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పినట్టు, అంత మెల్లగా. కనకరత్నం చెయ్యి వెనక్కి తీసుకుంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు, దడి, దడి అవతల నుయ్యి, అంతే. పుల్లతో పిడక ఎత్తి చూస్తే కింద చుట్ట చుట్టుకుని ఉంది, తెల్లగీతలది. పుల్లమీద ఎత్తి దడి అవతల పారేసి లోపలికొస్తే అచ్చియ్యమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, ఈ వేళప్పుడు ఆ మాటన్నది ఎవరే అని అడిగింది. నేనన్లేదత్తా అంది కనకరత్నం. అయితే దూడ అందా అంది అచ్చియ్యమ్మ.  కనకరత్నం ఒకటి మాత్రం గమనించింది, మామూలుగా అత్తగారు ఇలాంటిదానికి వంట అయ్యేదాకా తిడుతుంది, ఆ రోజు మరి తిట్టలేదు. లోపలికెళ్ళి చుట్ట వెలిగించుకుని వెనకతలుపు గడియ వేసేసింది.

రెండోసారి గోనెపట్టా దగ్గర. పండుని కూచోబెట్టడానికి రోజూ పరిచే గోనెపట్టా, మడతపెట్టి అరుగుమీద ఉంటుంది, పిల్లని చంకనేసుకుని వచ్చి పట్టా విప్పబోతోంది, మళ్ళీ అదే గొంతు, పాము. ఈసారి కనకరత్నం తిరిగి చూడలేదు, ముందు పిల్లని భుజంమీదికెక్కించి, కాలితో పట్టా తన్నింది. మడతలోంచి జారింది, అదే, నల్లది. జారి అరుగు కింద కన్నంలోకి పోయింది.

మూడోసారి మనిషిని చూసింది. ఎలా చూసిందంటే, గొంతు వినగానే ఈసారి పామెక్కడుందా అని చూడకుండా గొంతు వచ్చినవైపే చూసింది, ధైర్యం చేసి. దడి సందులోంచి నూతిగట్టు కనబడుతోంది. గట్టుమీద ఒకావిడ కూచుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. జుట్టు విరబోసుకుని లేదు, కళ్ళు ఎర్రగా లేవు, మీరు అనుకునేవేం లేవు. నీళ్ళకొచ్చిన మనిషిలాగే ఉంది, పక్కన బిందె కూడా ఉంది. కాకపోతే రెప్పలు సగం వాలిపోయి ఉన్నాయి, ఎంత ఎత్తుదామన్నా ఎత్తలేనట్టు, అందుకని తలే కొంచెం పైకెత్తి రెప్పల కిందనించి చూస్తోంది. కుడిచేతి వేలు ఒకటి ఎడమచేత్తో పట్టుకుని ఉంది. ఆ వేలి చివర తెల్లగా సున్నం.

 కనకరత్నం కాసేపటికి మళ్ళీ చూస్తే గట్టు ఖాళీ. లోపలికొచ్చి అత్తగారితో చెప్పింది, అత్తా, నూతిగట్టుమీద ఎవరో ఆవిడ, ఆ మాట అంటున్నది ఆవిడేనత్తా అని. అచ్చియ్యమ్మ బియ్యం చెరుగుతోంది. చెరుగుతూనే, నీ మొహం, ఎవరూ ఉండరక్కడ అంది. వేలికి సున్నం రాసుకుని ఉంది అత్తా అంది కనకరత్నం. చేట ఆగిపోయింది. బియ్యంలో నూకలు బియ్యంలోనే ఉండిపోయాయి, ఆవిడ లేచి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది, ఆ పూట వంటంతా కోడలే చేసింది.

మర్నాడు పొద్దున్నే కొడుకుని పక్కూరు పంపించింది, దెయ్యాలు కట్టే గురువుని పిలుచుకు రమ్మని.

ఇదంతా ఏమిటో కనకరత్నానికి చెప్పింది పెంటమ్మ. పెంటమ్మంటే పక్కింటావిడ, అచ్చియ్యమ్మకంటే కాస్త చిన్నది, ఈ ఇంట్లో కూర మాడితే వాళ్ళింట్లో తుమ్మేంత దగ్గర. దడి మీదనించి గోంగూర అందిస్తూ, మీ అత్త గురువుకి కబురు పెట్టిందట కదే, అయితే వరాలు నీకూ కనబడిందన్నమాట అంది. వరాలెవరు పిన్నీ అని కనకరత్నం అడిగితే, గోంగూర కట్ట వెనక్కి తీసుకుని కింద కూచుని మరీ చెప్పింది.

వరాలు ఎవరంటే అచ్చియ్యమ్మకి తోడికోడలు. అచ్చియ్యమ్మ భర్త తమ్ముడు చేసుకొచ్చిన పిల్ల. అప్పట్లో నైజాం అనేవాళ్ళు కదా, ఆ వైపునించి వచ్చింది. మాట వేరు, యాస వేరు. ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు ఊరంతా నవ్వేది, నవ్వుతూ నవ్వుతూనే మళ్ళీ అను, మళ్ళీ అను అనేవాళ్ళు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వేది కాదు, దగ్గర కూచోబెట్టుకుని నేర్పేది. ఇలా అనాలే, అలా అనకూడదే, మన అత్తగారు వింటే ఊరుకోదే అని. చెల్లెలిలా చూసుకునేదే, అందులో మాట లేదు. వరాలు కూడా శ్రద్ధగా నేర్చుకునేది. వాళ్ళవైపు పాముని ఏ వేళయినా పామనే అంటారు. ఇక్కడ దీపం పెట్టాక పురుగనాలని అచ్చియ్యమ్మే చెప్పింది. వరాలు నేర్చుకుంది.

ఒకరోజు సందెవేళ వరాలు నీళ్ళకెళ్ళింది. చేంతాడు చుట్ట ఎత్తబోయింది. ఆ చుట్టలో ఇంకో చుట్ట ఉంది, చిన్నది. వేలిమీద ఏదో చురుక్కుమంది. చూసింది. పాము పాకిపోవడం కూడా చూసింది. బిందె ఎత్తుకుని ఇంటికొచ్చి, అచ్చియ్యమ్మ పొయ్యి దగ్గరుంటే, దీపం పెట్టేసి ఉంది గనక, నేర్చుకున్న మాట జాగ్రత్తగా గుర్తుచేసుకుని చెప్పింది. అక్కా, పురుగు కుట్టింది, అని.

ఇప్పుడు మీరు చెప్పండి. మన ఊళ్ళో పురుగు కుట్టింది అంటే ఏమిటి? గండుచీమో, కందిరీగో, గొంగళో. పాముకి కుట్టింది అంటామా? పురుగు ముట్టింది అంటాం. ముట్టింది అన్నారంటే చంటిపిల్లల తల్లి కూడా చేతిలో పని వదిలేసి పరిగెత్తుతుంది. ఈ సంగతి మనకి ఎవరైనా కూచోబెట్టి నేర్పారా? లేదు, పాలతోనే వచ్చేస్తుంది. వాళ్ళవైపు పాము కూడా కుడుతుంది, ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? అచ్చియ్యమ్మ పాముని ఏమనాలో నేర్పింది, అది చేసే పనిని ఏమనాలో నేర్పలేదు, నేర్పాలని ఆవిడకి మాత్రం ఎలా తోస్తుంది?

అచ్చియ్యమ్మ పొయ్యిమీదనించి తల తిప్పకుండానే, సున్నం రాసుకోవే అంది. వరాలు సున్నం రాసుకుంది. ఇక్కడ పాము కరిస్తే సున్నమే మందు కాబోలు అనుకుంది. పెద్దావిడ చెప్పింది, తనకంటే తెలిసిన మనిషి. కాసేపాగి మళ్ళీ వచ్చి, అక్కా, పురుగు, అంది. ఎన్నిసార్లు చెబుతావే, ఊళ్ళో అందరికీ కుడతాయి అంది అచ్చియ్యమ్మ. కట్లపాముది మామూలు పాములా కాదు, వాపుండదు, మంట ఉండదు, నిద్రొస్తుంది అంతే. వరాలు అన్నం తిని, కళ్ళు తెరుచుకోవట్లేదక్కా అంది. పడుకోవే, పొద్దుట్నించీ పని చేశావు అని అచ్చియ్యమ్మే చాప వేసి దుప్పటి కప్పింది. తెల్లారేసరికి ఆ పిల్ల లేదు.

ఎలా పోయిందో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మళ్ళీ ఆ చేంతాడులోనే పాముని ఎవరో చూసి కొట్టాక అప్పుడు తెలిసింది. వరాలు మొగుడు గనుల్లో పనికి పోయి మళ్ళీ ఈ ఊరు రాలేదు. ఆ నుయ్యి మానేశారు. ఆ తర్వాతే సందెవేళ ఆ మాట వినబడ్డం మొదలైంది. ఊళ్ళోవాళ్ళేమన్నారంటే, చచ్చిన కసితో పేరు పెట్టి పిలుస్తోంది, మన మీదికి వాటిని తోలుతోంది అన్నారు. మాట వినబడిన చోటల్లా పాము కనబడుతోంది కదా, ఇంకేం కావాలి? మీ అత్త మాత్రం ఏనాడూ ఏమీ అనలేదు, సందెవేళ వెనకతలుపు గడియ పెట్టుకుంటుంది, అంతే, అని చెప్పి పెంటమ్మ లేచి, గోంగూర ఇచ్చి పోయింది.

కనకరత్నం ఆ రోజంతా ఆలోచించింది. మాట విన్నాక పాము కనబడింది, నిజమే. కాని పాము తన చెయ్యి పెట్టబోయే చోటే ఉంది, పిల్లని కూచోబెట్టబోయే చోటే ఉంది. పిలిచి తెస్తే వెనకనించి వస్తుంది గాని ముందే వచ్చి మడతలో పడుకుని ఉంటుందా? ఆవిడ పిలవట్లేదు, చెబుతోంది. బతికుండగా అనడానికి లేకపోయిన మాటని ఇప్పుడు అంటోంది. ఈ సంగతి ఎవరితో చెప్పాలి? అత్తగారితో చెప్పే ధైర్యం లేదు. మొగుడితో చెప్పింది. గవర్రాజు మంచివాడే, చెప్పిందంతా విన్నాడు, విని, అమ్మనడుగు అన్నాడు. మీరు చెప్పొచ్చు కదా, మగాళ్ళు కదా అంది కనకరత్నం. పొలంలో మగాణ్ణే, గుమ్మంలో కాలు పెడితే అమ్మ కొడుకుని అన్నాడు. ఇలాంటివాళ్ళు మీ ఇళ్ళల్లో లేరా, ఎందుకు నవ్వుతారు?

గురువు మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. నిమ్మకాయలు, ఇనప చీలలు, బుడ్డిలో ఏవో నీళ్ళు. చింతచెట్టు మొదట్లో ముగ్గేసి, చీలలు మానులోకి కొట్టడం మొదలుపెట్టాడు. ఊరంతా దూరంగా నిలబడి చూస్తోంది. కనకరత్నం దడి ఇవతల పిల్లని ఎత్తుకుని నిలబడింది. ప్రతి దెబ్బకీ నోరు తెరిచి ఒక్కమాట అందామనుకోవడం, పెద్దవాళ్ళందరూ ఉన్నారు కదా అని మూసుకోవడం. ఆఖరి చీల కొట్టి గురువు చెప్పాడు, నోరు కట్టేశాను, ఇక పలకదు అని. అచ్చియ్యమ్మ తలూపింది. సంతోషించాలి కదా మరి? ఆ పూట అన్నం కలుపుకుని ముద్ద చేసి, ఆ ముద్ద మళ్ళీ కంచంలోనే పెట్టి, చెయ్యి కడిగేసుకుంది.

గురువు మాట నిజమే, గొంతు మళ్ళీ వినబడలేదు. కాని ఆయన ఆవిడ నోరు కట్టాడు గాని పుట్టలు కట్టలేదుగా. వానలు ముదిరాయి, పాములు వస్తూనే ఉన్నాయి. పొత్రం కింద ఒకటి, తడిబట్టల్లో ఒకటి. ఇదివరకు చెప్పే మనిషి ఉండేది, ఇప్పుడు లేదు, అంతే తేడా. కనకరత్నానికి సందె పడితే చాలు చెవులు నూతివైపే ఉండేవి. ఏదైనా ఎత్తేముందు కాసేపు ఆగేది, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. అలవాటైపోయింది ఆ గొంతు. పిల్లని కిందికి దించడం మానేసింది. కాని ఎంతసేపని చంకలో ఉంటుంది నడకొచ్చిన పిల్ల?

ఒకరోజు సందెవేళ, కనకరత్నం పాకలో పాలు పితుకుతోంది. అచ్చియ్యమ్మ వెనకగుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు వలుస్తోంది, పక్కనే పండు. పండుకి అప్పుడే మాటలొస్తున్నాయి. అమ్మ, బువ్వ, ఇంకా ఒకటి రెండు. ఆ ఇంట్లో ఎక్కువగా వినబడే మాట ఏదో అదే కదా పిల్లలకి ముందొచ్చేది. పండు కిలకిలా నవ్వి, పులుగు, అంది. అచ్చియ్యమ్మకి చూపు అంతంత మాత్రం. చిక్కుడుకాయల్లోంచి తల ఎత్తకుండా, పురుగేగా తల్లీ, ఏం చెయ్యదు, తోసెయ్ అంది. పండు ఇంకా నవ్వి, పులుగు, పులుగు అంది.

పాకలో కనకరత్నానికి ఇది వినబడింది. ఒక్క క్షణం నూతివైపు చూసింది, ఆ గొంతు కోసం. ఏమీ లేదు. చింతచెట్టు, చీలలు. ఇక ఎవరూ చెప్పరు. ఉన్నది తనే. అత్తగారేమంటుందో, దీపం పెట్టారో లేదో, అదేం చూడలేదు. పాలచెంబు వదిలేసి అక్కడినించే, అత్తా, పాము, అంది. ఎంత గట్టిగా అందంటే ఆవు బెదిరి తాడు తెంపుకుంది.

ఆ మాటకి అచ్చియ్యమ్మ తిట్టలేదు. ఎవరన్నారని అడగలేదు. మాట చెవిన పడ్డమే ఆలస్యం, చిక్కుడుకాయలు ఒకవైపు, చేట ఒకవైపు, పిల్లని రెక్క పట్టుకుని గాల్లోకి లేపేసింది. లేపితే పిల్ల కాలిమీదనించి జారి పడింది, జానెడు నల్లతాడు, తెల్లగీతలతో. కనకరత్నం వచ్చేసరికి గుమ్మం సందులోకి పోతోంది. గవర్రాజు వచ్చి దాని సంగతి చూశాడు. కాని అప్పుడు ఎవరికీ దాని మీద ధ్యాస లేదు. దీపం దగ్గరికి తెచ్చి పిల్ల కాళ్ళు, చేతులు, వేళ్ళ సందులు, మడతలు అన్నీ వెతికారు. గీత లేదు, చుక్క లేదు. అయినా నమ్మకం ఏముంది, అది కరిచినా కనబడదు కదా. అచ్చియ్యమ్మ ఆ పిల్లని నిద్రపోనివ్వలేదు. ఒళ్ళో వేసుకుని, ముట్టిందా అమ్మా, ముట్టిందా, అని అడుగుతూనే ఉంది. పండుకేం తెలుసు, ఆ మాట కొత్తగా ఉంది గనక, ముత్తింది, ముత్తింది అని చప్పట్లు కొట్టింది. ఆ మాటకి అచ్చియ్యమ్మ పిల్లని మళ్ళీ దీపం దగ్గరికి లాక్కుని వేళ్ళన్నీ ఇంకోసారి వెతికింది. కనకరత్నం పిల్ల రెప్పలకేసే చూస్తూ కూచుంది. రెప్పలు వాలలేదు. తెల్లారింది. పండు ఆకలేసి ఏడిచింది, అప్పుడు ఊపిరి తీసుకున్నారందరూ.

అచ్చియ్యమ్మ మొహం కూడా కడగలేదు. పట్టకారు తీసుకుని వెనకతలుపు గడియ తీసి చింతచెట్టు దగ్గరికి నడిచింది. కనకరత్నం వెనకాలే వెళ్ళింది. ఊళ్ళోవాళ్ళు వద్దు వద్దంటున్నారు, కట్టిన దెయ్యాన్ని విప్పితే ఊరు మిగలదు అంటున్నారు. మీ ఊరిని ఏం చేసిందర్రా ఇన్నాళ్ళూ అని అచ్చియ్యమ్మ చీలలు పీకడం మొదలుపెట్టింది. కొత్త చీలలు, గట్టిగా దిగాయి. ఒకటి రాకపోతే అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి పట్టకారు పట్టుకుని లాగారు. అన్నీ పీకాక, చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడి ఆవిడ అన్నది కనకరత్నం తప్ప ఎవరూ వినలేదు. నీకు సగం మాటే నేర్పానే వరాలూ. పురుగు అని చెప్పాను. ముట్టింది అనాలని చెప్పలేదే నీకు. పోనీ, నేను తల తిప్పి చూసినా సరిపోయేది.

ఇంతా చేస్తే వరాలు పలికిందా అంటారేమో. పలకలేదు. ఆ ఏడూ లేదు, మరుసటేడూ లేదు. చీలలు పీకినంత మాత్రాన అన్నీ వెనక్కి వస్తాయా. అచ్చియ్యమ్మ రోజూ సందెవేళ వెనకతలుపు బార్లా తీసి గుమ్మంలో కూచునేది. కూచుని కూచుని, లేచి, కర్ర పట్టుకుని దొడ్డంతా తిరిగేది. తడుతూ, పాము, పాము అంటూ. దీపం పెట్టాకే. పిడకల గూడు దగ్గర ఆగి, పాము. గోనెపట్టా తన్ని, పాము. పెంటమ్మ, నీకేం మతి పోయిందా వదినా, పిలిచి మరీ తెచ్చుకుంటావా అంటే, అదెలాగూ వస్తుంది, నేను పిలిస్తే కాదు గదా వచ్చేది అనేది. ఊళ్ళో కొందరు పెద్దావిడకి పిచ్చెక్కిందన్నారు.  కనకరత్నం దీపం పట్టుకుని అత్తగారి ముందు నడిచేది. పండు పెద్దదయ్యింది, పాము పిల్ల కనబడితే ఏ వేళయినా పామనే చెప్పేది, ఆ ఇంట్లో మళ్ళీ ఎవరినీ పురుగు ముట్టలేదు.

అచ్చియ్యమ్మ నిండుగా బతికి, మంచంలోనే పోయింది. ఆవిడ పోయిన ఏడు తొలకరికి, కనకరత్నం పాకలో ఉండగా, నూతివైపునించి మళ్ళీ వినబడింది. పాము. అదే నిద్రమత్తు గొంతు. ఇన్నేళ్ళకి విని, కనకరత్నానికి కళ్ళనీళ్ళు వచ్చాయట. కాని అంతటితో అయిపోలేదు. ఆ మాట వెనకాలే ఇంకో గొంతు, పెద్దావిడది, పొయ్యిమీదది వదిలేసి పరిగెత్తుకొచ్చిన మనిషిలా ఆయాసపడుతూ, ఏదీ ఆ వేలు, ఇలా చూపించు, కుట్టిందా, ముట్టిందా, సరిగ్గా చెప్పవే తల్లీ, అంటోంది.

ఇప్పటికీ అంతే. తొలకరి పడ్డాక సందెవేళ చెవి పెడితే ఒకావిడ చెబుతుంది, ఒకావిడ అడుగుతుంది. కనకరత్నం పోయేదాకా ఆ వైపే మంచం వేసుకుని పడుకునేది, భయం లేదా అంటే, మా అత్తగారే కదా అనేది.

ఇక చాలు, పొద్దు పోయింది, ఆ తొక్కలు ఎత్తి దొడ్లో పొయ్యండి. దీపం పట్టుకుని పోండి. నూతివైపు మాత్రం పోకండి. వాళ్ళిద్దరూ మిమ్మల్నేం చెయ్యరు. కాకపోతే వరాలు ఆ మాట అన్నదంటే అక్కడ పాము ఉన్నట్టే.